నిండు గీత, చుక్కల గీత

నా చిన్నప్పుడే కోటలాంటి మా దొరల గడి ఖాళీ అయిపోయింది. పెద్ద తలుపులూ తాతయ్య మాటా మాత్రం మిగిలాయి. గోదావరి దాకా భూమంతా మనదేనని ఆయన రోజూ చెప్పేవారు. అందుకే బడిలో పటాల పోటీ పెట్టినప్పుడు, మొదటి బహుమతి నాకు రాకపోతే మా ఇంటికి మిగిలిన కాస్త పరువూ పోతుందనుకున్నాను.

ప్రాచీన ఖండాల పటం గీయాలి. తాతయ్య బీరువాలోని పాత పుస్తకం చూసి, మన దేశం నుంచి ఆఫ్రికా దాకా సముద్రం మధ్యలో ఒక నేల వంతెన గీశాను. నల్ల సిరాతో, ఎక్కడా తెగని గీత.

తీర్పు చెప్పడానికి బొగ్గుబావిలో సర్వే చేసే ఒకాయన వచ్చారు. ఆయన తండ్రి మా గడిలో వెట్టి చేసినవాడు. ఆయన్ను చూడగానే బహుమతి నాదేననుకున్నాను.

ఆయన సంచిలోంచి బావి పైకప్పు నుంచి రాలిన రాయి తీశారు. దాని మీద నాలుక లాంటి ఆకు అచ్చు ఉంది. ఇదే ఆకు ఆఫ్రికా బొగ్గులోనూ దొరికిందన్నారు. మరి వంతెన ఎవరికి దొరికిందని అడిగారు. పుస్తకంలో ఉందన్నాను. బావి పటంలో కళ్లతో చూసినదానికి నిండు గీత, ఊహించినదానికి చుక్కల గీత వేస్తారట. అవి తారుమారైతే దిగినవాళ్లు పైకి రారట. అంతా చెప్పి, నా చేతికి బ్లేడు ఇచ్చి, అందరి ముందూ ఆ వంతెనను నాచేతనే గీకించారు. కాగితం చిరిగింది. పిల్లలు నవ్వారు.

"మీ అయ్య మా గడిల వెట్టి చేసినోడు. నువ్వా నా పటం చూసేది?" అన్నాను.

ఆయన గొంతు పెంచలేదు. "నిజమే, దొరసాని. అది నిండు గీతే. మా అయ్య వీపు మీద వాతలు నా చేతితోని తడిమి చూసిన. మరి గోదారి దాక భూమంత మాదే అంటడు గద మీ తాత, అదేం గీత?"

రెండు ఒడ్లు మాత్రమే గీసి మధ్య సముద్రాన్ని ఖాళీగా వదిలేసిన ఒక కార్మికుని కూతురికి బహుమతి వెళ్లింది.

ఆ సాయంత్రం భూమి కాగితాలు చూపించమని తాతయ్యను అడిగాను. ఆయన నన్ను కొట్టారు. అంతకుముందు ఎన్నడూ కొట్టలేదు.

ఆ సర్వే ఆయన్ను నేను ఈనాటికీ క్షమించలేదు. కానీ మా వంశం గొప్ప ఎవరు చెప్పినా, నువ్వు చూశావా అని అడగకుండా ఉండలేను. అలా అడిగి అడిగి చుట్టాలందరినీ దూరం చేసుకున్నాను. ఇప్పుడు అడగడానికి ఎదురుగా ఎవరూ లేరు. నన్ను నేనే అడుగుతుంటాను.