డిస్కుల సంచి, మా డ్రిల్లు సారు

మా డ్రిల్లు సారు పోయారు. మొన్న మంగళవారం పొద్దున సారు కూతురు బోధన్ నుంచి ఫోన్ చేసి చెప్పింది. వినగానే నాకు ఏడుపు రాలేదు, భయమేసింది. బడి రోజుల్లో బస్సులో పట్టుకున్న భయమే అది, ఇప్పటికీ వదల్లేదు. ఇన్నాళ్ళూ దాని సగం బరువు సారు మోస్తున్నారన్న ధీమాతో బతికాను.

మా బడిలో డిస్కస్ విసిరే ఆడపిల్లను నేనొక్కదాన్నే. బడికి ఉన్నవి నాలుగు డిస్కులు. చెక్కవి, చుట్టూ ఇనుప అంచు. పోటీలకు వాటిని వీపు మీద మోసుకెళ్ళడానికి సారు ఒక కాన్వాసు సంచి కొన్నారు. ఆ రోజు నేనూ వెంట ఉన్నాను. నిజామాబాద్ బజారులో ప్రతి సంచినీ లోపలిది బయటికి తిప్పి, అడుగు కుట్టు వెంట వేలు నడిపి చూశారు. పట్టీలను పట్టుకుని వేలాడినంత పని చేశారు. దుకాణదారుకు ఒళ్ళు మండింది.

"కొంటవా సార్, చింపుతవా?"

"చినిగేదుంటే నీ దుకాన్లనే చినగనియ్యి, బస్సుల ఒద్దు" అన్నారు సారు. తర్వాత నా వైపు తిరిగి, "బట్టను సూసి మోసపోవద్దు బిడ్డా, కుట్టు సూడాలె" అన్నారు.

ఆ సంచి గట్టిదే, కాదనను. కానీ ఖాళీగా ఉన్నప్పుడే ఇంత బరువు. డిస్కులు వేస్తే నా నడుం వంగిపోయేది. అందుకని జిల్లా పోటీల ముందు నేను తెలివి చూపించాను. మా చెరుకు చేలకు తెచ్చే యూరియా సంచి కాగితమంత తేలిక. యాభై కిలోలు మోసిన దానికి నాలుగు డిస్కులు ఒక లెక్కా? దర్జీ దగ్గరికి పట్టుకెళ్ళి పైన కత్తిరించి కురచ చేయించి, పట్టీలు వేయించాను.

"అడుగు కుట్టు ఇప్పి మల్ల కుడ్త" అన్నాడు దర్జీ.

"ఒద్దన్నా, గది మిషిను కుట్టు, మస్తు గట్టిగుంటది" అన్నాను.

ఆ కుట్టు కొస దొరకబుచ్చుకుని గుంజితే మొత్తం జర్రున ఊడివస్తుందని మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. అట్లా ఎన్ని సంచులు విప్పానో నేనే. అయినా ఆ క్షణం తట్టలేదు.

బస్టాండులో కొత్త సంచిని చూసి సారు మొహం మాడ్చుకున్నారు. "ఎవల్నడిగి మార్చినవ్?" అంటూ దాన్ని తిరగేయబోయేలోపే బస్సొచ్చింది. సంచిని నా ముందు సీటు పైనున్న అరలో పెట్టాం. ఆ సీట్లో ఒక తల్లి, ఆమె ఒళ్ళో పసివాడు. సారుకు సీటు దొరక్క పక్కనే నిలబడ్డారు. నిజామాబాద్ దగ్గరపడేకొద్దీ నాకు పోటీ భయం పట్టుకుంది. అర అంచు దాటి బయటికొచ్చిన సంచి అడుగు నుంచి దారం కొస ఒకటి వేలాడుతోంది. భయపడ్డప్పుడు నా చేతులు ఊరుకోవు. లేచి నిలబడి, ఏమీ ఆలోచించకుండా దాన్ని గుంజాను.

కుట్టంతా ఊడిపోయింది. మొదటి డిస్కు సరాసరి పసివాడి తల మీదికి జారింది. సారు మోచేయి అడ్డం పెట్టారు. ఎముకకు ఇనుము తగిలిన ఆ చప్పుడు నా చెవుల్లోంచి పోలేదు. మిగతావి సీటు కమ్మీకి తగిలి కిందపడ్డాయి. తల్లి బిడ్డను గుండెకు అదుముకుని, "నా పోరడు సచ్చిపోతుండె! ఎవల్ది గా సంచి?" అని అరిచింది. నేను వంగి కిందపడ్డ డిస్కులు ఏరసాగాను.

"నాదేనమ్మా. తప్పు నాదే" అన్నారు సారు.

బస్సు దిగి, డిస్కులను తువ్వాలులో మూటగట్టి, మంచి చేత్తో పట్టుకుని మైదానానికి నడిచారు. రెండో మోచేయి వాచిపోయింది.

"నేను ఇసర సార్, ఇంటికి పోత" అన్నాను.

సారు ఆగారు. "దారం గుంజింది నువ్వే గద బిడ్డా."

"ఎవల్నన్న సంపుతనేమో అని భయమైతుంది సార్."

"భయముండాలె. భయం లేనోళ్ళ చేతికి నేను డిస్కు ఇయ్య."

దెబ్బ తగిలిన ఆ చెయ్యి సారుకు ప్రతి చలికాలం సలిపేదట. ఏమైందని ఇంట్లో అడిగితే "పడ్డ" అని ఊరుకునేవారట. ఇవన్నీ మొన్న ఫోన్లో సారు కూతురు చెబితేనే తెలిశాయి. అప్పుడు కూడా అది నా వల్లేనని చెప్పలేదు. ఆమెకు చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను.

ఆ రోజు నా వంతు వచ్చింది. గీసిన వలయంలో నిలబడ్డాను. డిస్కు విసరకుండా ఎదురుగా నడుస్తున్న జనాన్నే చూస్తున్నాను. సారు మైదానం అవతలి కొసకు నడిచారు. అటూ ఇటూ దాటుతున్న జనాన్ని ఒక్కొక్కరినే పక్కకు పంపారు. అక్కడి నుంచి కేక వేశారు.

"ముందర ఎవ్వరు లేరు బిడ్డా! నేను సూస్తున్న. ఇసురు!"

విసిరాను. అది ఎంత దూరం పోయిందో నేను చూడలేదు. వాచిన చేతినీ మంచి చేతినీ రెండూ చాచి, జనాన్ని ఆపుతూ ఎండలో నిలబడ్డ సారునే చూశాను.