తిరుపతి వద్దన్న కల్యాణవల్లి

ఆ ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు నిద్రపోతూ ఉంటారు. తెల్లవారుజామున కొండెక్కాల్సినవాళ్ళు సాయంత్రమే నడుం వాలుస్తారు. రాత్రంతా క్యూలో నిలబడి దిగివచ్చినవాళ్ళు పొద్దెక్కేదాకా లేవరు. కొత్తగా గుండు చేయించుకున్న పిల్లలు తల మీది చందనం ఆరకముందే తల్లి ఒళ్ళోకి వాలిపోతారు. తిరుపతికి కోడలిగా వచ్చిన నాటి నుంచి కల్యాణవల్లి ఆ నిద్రల మధ్యగా, నీటి మీద నీడ కదిలినట్టు కదులుతూ వంటింటికీ హాలుకూ తిరుగుతోంది.

భర్త యతిరాజులు దేవస్థానం ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగం అయిపోయింది గాని, “కొండ మీద మనవాడున్నాడు” అన్న మాట మాత్రం బంధువుల్లో ఇంకా రిటైరవ్వలేదు. అక్కచెల్లెళ్ళూ, వాళ్ళ పక్కింటివాళ్ళూ, ఎప్పుడో రైల్లో పరిచయమైనవాళ్ళూ సంచులతో దిగుతూనే ఉంటారు. వాళ్ళకు పెట్టడం కల్యాణవల్లికి ఇష్టమే. ఆకలితో వచ్చిన మనిషి పులిహోర మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడు ముఖంలో వెలిగే దీపాన్ని ఆమె ఎన్నిసార్లు చూసినా విసుగుపడదు.

ఒక్కటే లోటు. ఆమెకు ఈల వేయడం వచ్చు.

నారాయణవనంలో పుట్టినింటి వెనక మామిడితోపు ఉండేది. కాయల మీద వాలే చిలకలను తరమడానికి చిన్నప్పుడు నేర్చుకున్న ఈల అది. తరమడం మరిచిపోయి చిలకలతో పోటీపడేది. పెళ్ళయ్యాక, నిద్రపోయేవాళ్ళున్న ఇంట్లో ఈల ఎలా వేస్తుంది? మిద్దె మీద చుట్టాల తడి తువ్వాళ్ళు ఆరేస్తూ, దారప్పోగంత సన్నగా, తనకు మాత్రమే వినబడేలా వేసుకునేది. ఆ రాగాలు కొండ గాలిలో కలిసి ఎటో పోయేవి.

రెండేళ్ళ కింద కూతురు కమలిని ఆ ఈలను ఫోనులో రికార్డు చేసి, ‘గాలిపాట’ అనే గ్రూపులో వేసింది. ఈల వేసేవాళ్ళ గ్రూపు అది. చిత్తూరులో మామిడి మొక్కల నర్సరీ నడిపే రఘునాథ్ దాన్ని చూసుకుంటాడు. కడప నుంచీ ఒంగోలు నుంచీ బెంగళూరు నుంచీ రోజూ ఈలలు వస్తాయి. ఎవరూ ఎవరినీ చూడలేదు. ఊపిరిని బట్టే ఒకరినొకరు గుర్తుపడతారు. పై స్థాయికి పోయేముందు రఘునాథ్ చిన్నగా గుటక వేస్తాడని అందరికీ తెలుసు. కల్యాణవల్లి అక్కడ ‘వల్లక్క’ అయింది.

ఈ ఏడాది అందరూ ఒకచోట కలవాలనుకున్నారు. ఏ ఊరు? రఘునాథ్ గ్రూపులో ఓటింగు పెట్టాడు. మర్నాడు పొద్దున్నే ఫోను చేశాడు.

“అక్కా, మీ ఊరే గెల్చిందక్కా! ఒకరో ఇద్దరో తప్ప అందరూ తిరుపతే అన్నారు. ఈలకు ఈలా, దర్శనానికి దర్శనం!”

“సంతోషమప్పా,” అంది కల్యాణవల్లి. అన్నాక గోడకు ఆనుకుని కూర్చుంది.

మధ్యాహ్నానికి మెసేజీలు మొదలయ్యాయి. వల్లక్కా, మా అత్తమ్మను కూడా పిల్చుకొస్తాండాను. వల్లక్కా, దర్శనం టికెట్టు ఏమైనా చూడగలవా? వల్లక్కా, గుండు చేయించేది యాడ? ఈల మాట ఒక్కరూ ఎత్తలేదు. ఆమెకు అంతా కళ్ళ ముందు కనిపించింది. వాళ్ళు కొండకు పోతారు, అలిసి దిగివస్తారు, ఆమె పెట్టింది తింటారు, హాలు నిండా నిద్రపోతారు. వాళ్ళ మధ్య తను అడుగులో అడుగు వేసుకుంటూ తిరుగుతుంది. ఈల వేసేవాళ్ళంతా ఇంట్లోనే ఉంటారు, ఈల మాత్రం మిద్దె మీదే ఉండిపోతుంది.

యతిరాజులు అప్పటికే నిచ్చెనెక్కి అటక మీది పెద్ద గుండిగ దించుతున్నాడు.

“సాంబారు దీంట్లో సరిపోతుందంటావా?”

“దాన్ని పైనే పెట్టండి. తిరుపతి వద్దని చెప్పబోతున్నా.”

ఆయన గుండిగను పట్టుకుని నిచ్చెన మీదే ఆగిపోయాడు. “కొండకు రావొద్దంటావా? ఈ ఊర్లో పుట్టినోడెవడైనా ఆ మాటంటాడా? పెద్దాయన వింటాడే!”

“విననీండి. ఆయన మటుకు ఊరూరికీ పోయి కల్యాణం చేయించుకుని రావడంల్యా? వేదిక వేస్తారు, పూలు చల్లుతారు, కూర్చోబెట్టి వడ్డిస్తారు. వచ్చేవాళ్ళను చూసి చూసి ఆయనకే ఒకరింటికి పోవాలనిపిస్తే, నాకు అనిపించకూడదా?”

యతిరాజులు గుండిగను మళ్ళీ అటక మీదికి తోశాడు.

కానీ వద్దని చెప్పడం అంత సులువు కాలేదు. ముందు, ఎండలు జాస్తి అని రాసింది. చలికాలంలో పెట్టుకుందాం లే అన్నారు. రూములు దొరకవు అంది. “నీ మిద్దె ఉండాది కదక్కా,” అన్నారు. కోతుల బెడద అంది. “కోతులకూ ఈల నేర్పిద్దాం,” అని రఘునాథ్ నవ్వాడు. ఇక లాభం లేదని మిద్దె ఎక్కి, తువ్వాళ్ళ మధ్య నిలబడి, ఫోను నోటి దగ్గర పెట్టుకుంది.

“నేను వల్లక్కను. ఎండా లేదు, కోతులూ లేవు, అవన్నీ అబద్ధాలు. మీరు వస్తే పెడతాను, టికెట్లు చూస్తాను. మీరు అలిసొచ్చి పడుకుంటారు. మీరు పడుకుంటే నేను ఈలెయ్యలేను. అంతే సంగతి. నా ఇంటికి అందరూ వచ్చినారు. పెండ్లిండ్లకు పోయినా నన్ను నేరుగా వంటింట్లోకే పిలుస్తారు. ఈ ఒక్కసారి నేను చుట్టమై రావాలని ఉండాది. యాడికైనా సరే.”

తప్పు చేశానా అనుకుంటూ ఆమె ఆరిన తువ్వాళ్ళు తీయసాగింది. అప్పుడు ఒంగోలు నుంచి ఒక ఈల వచ్చింది, పైనుంచి కిందికి జారి మళ్ళీ పైకి లేచే పొడుగాటి ఈల. మాటలు దొరకనప్పుడు మనిషి వేసేది. దాని వెనక కడప నుంచి ఒకటి. ఆ తర్వాత వానలా ఈలలు.

“సరేనక్కా, మరి యాడికి?” అన్నాడు రఘునాథ్.

అందరికన్నా తక్కువ మాట్లాడే ధరణి గొంతు వినిపించింది. నగరిలో మరమగ్గాల షెడ్డు వాళ్ళది. మగ్గాల మోతలో తన ఈల తనకే వినబడక, పెదాల వణుకుతోనే శ్రుతి పట్టుకోవడం నేర్చుకున్న అమ్మాయి.

“మా నగరికి రండి. బస్సులన్నీ మద్రాసుకు పోతా కిటికీలోంచి మా ఊరు సూసుకుంటా పోతాయి. దిగేవాళ్ళే ల్యారు.”

“నగరిలో ఏముండాదమ్మా సూసేదానికి?” అన్నారు ఎవరో.

“ఏమీ లేదన్నా. అందుకే, ఈలెయ్యడం తప్ప మీకు ఇంకేం పనుండదు.”

ఆ మాటతో ఊరు ఖాయమైంది.

మగ్గాలకు సెలవున్న రోజు కల్యాణవల్లి నగరిలో బస్సు దిగింది. ధరణి పరుగున వచ్చి ఆమె చేతిలో సంచి లాక్కుంది. సంచి లేని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు. ఇంట్లోకి అడుగుపెట్టగానే కాళ్ళు వాటంతటవే వంటింటి వైపు తిరిగాయి. ధరణి తల్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“ఈడ నీకేం పని? పోయి కూసో. నీకోసమని దేంట్లోనూ ఎర్రగడ్డలు వెయ్యలేదు.”

తను ఉల్లి తినదని వాళ్ళకెవరు చెప్పారో అనుకుంటూ ఆమె కూర్చుంది. ఆకు వేశారు. పొంగలి, వడ, చెనిక్కాయల పచ్చడి. “ఇంకొంచెం?” అంది ధరణి. జీవితమంతా తను అడిగిన ప్రశ్న అది. తనను అడిగితే ఏం చెప్పాలో ఎప్పుడూ ఆలోచించలేదు. తలూపింది. మళ్ళీ అడిగారు, మళ్ళీ తలూపింది. చాలు అనడం ఒక విద్య అనీ, అది తనకు రాదనీ అప్పుడే తెలిసింది. మధ్యలో ఫోను మోగింది. “ఏమే, గూడూరోళ్ళు దిగినారు, ఇంగువ యాడ ఉండాది?” అన్నాడు యతిరాజులు.

“వెతుక్కోండి. నేను చుట్టాన్ని,” అని పెట్టేసింది.

షెడ్డులో ఆగిన మగ్గాల మధ్య చాపల మీద అందరూ చేరారు. ఊపిరులకు ముఖాలు వచ్చాయి. రఘునాథ్ నిజంగానే గుటక వేశాడు, అందరూ గొల్లుమన్నారు. “ఇంక వల్లక్క,” అన్నారు. ఆమె లేచి పెదాలు కుదుర్చుకుంది. ఉత్త గాలి వచ్చింది. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ గాలే. కడుపు నిండా పొంగలి ఉంటే ఊపిరికి చోటెక్కడిది?

“అక్కకు పొంగలి అడ్డం పడింది!” అని రఘునాథ్ అరిచాడు. అందరికన్నా ముందు కల్యాణవల్లే నవ్వింది, కళ్ళలో నీళ్ళు తిరిగేలా.

“నాలుగడుగులు నడిస్తే అరుగుతుంది, రా అక్కా,” అని ధరణి చెయ్యి పట్టుకుంది. గుంపంతా వాళ్ళ వెనక వీధిలోకి కదిలింది. అద్దకం నూలు దండేల మీద ఆరుతోంది. వీధి పొడుగునా పసుపు, ఎరుపు, చిలకపచ్చ. గాలి వీచినప్పుడల్లా నూలంతా ఒక్కసారి ఊపిరి పీల్చి వదిలినట్టు ఉంది. ఆ రంగుల మధ్య నడుస్తుండగా, ఏ ప్రయత్నమూ లేకుండా, ఆమె పెదాల మీద ఆనందభైరవి మొదలైంది. ముందు దారంలా, తర్వాత తాడులా, ఆపైన వీధికి ఈ కొస నుంచి ఆ కొసదాకా పరిచిన కొత్త చీరలా. వెనక నడిచేవాళ్ళు శ్రుతి కలిపారు. జనం బయటికి వచ్చారు. పిల్లలు మూతులు సున్నాలా చుట్టి గాలి ఊదసాగారు.

అరుగు మీది ముసలామె చంద్రకాంతమ్మ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

“ఎవురు ధరణీ, ఈమె? పిట్ట మాదిరి ఈలేస్తా ఉండాది!”

“మా ఇంటికొచ్చిన చుట్టం, అవ్వా.”

“మీ ఇంటికేనా? మా ఇంటికి రాకూడదా? రామ్మా, రెండు గుక్కలు కాఫీ తాగి పోదువు.”

ధరణి వల్లక్క వైపు చూసింది. “చాలు అనక్కా, ఈసారైనా.”

కల్యాణవల్లి అప్పటికే చెప్పులు విడిచి అరుగెక్కుతోంది.