నెవార్క్ వీధిలో నర్సు శశికళ

1987లో న్యూజెర్సీ అంతా ఎయిడ్స్ భయంతో వణుకుతుంటే, నెవార్క్‌లో ఒక క్లినిక్ వాళ్ళు వ్యానొకటి సిద్ధం చేశారు. ఒళ్ళమ్ముకుని బతికే ఆడవాళ్ళు నిలబడే వీధికి వెళ్ళి రక్తపరీక్షలు చేయాలి, కండోమ్‌లు పంచాలి, జాగ్రత్తలు చెప్పాలి. ఆ మాట వినగానే నర్సులందరికీ నడుంనొప్పులు వచ్చాయి. సాకులు చెప్పడం చేతకాని శశికళ వ్యానెక్కింది.

ఆమెది తెనాలి. భర్త రవికుమార్‌తో పార్సిప్పనీలో కాపురం. ఆయన్ని పేరుపెట్టి పిలవడానికే సిగ్గు. అలాంటిది మొదటిరోజు వ్యాను మెట్టుమీద నిలబడి, తలెత్తకుండా కరపత్రం మొత్తం గడగడా చదివేసింది. ఎదురుగా ఉన్న ఆడవాళ్ళలో డెనీస్ అనే పొడగరి చూయింగ్‌గమ్ నమలడం ఆపింది.

"తల్లీ, నువ్వు నర్సువా, చర్చి నుంచి వచ్చావా?"

అందరూ ఘొల్లున నవ్వారు.

"అది వాడాలని మాకూ తెలుసు" అంది డెనీస్. "వచ్చినవాడు ఒప్పుకోడే! అడిగితే వద్దంటాడు. బతిమాలితే ఇంకో మూలకి పోతాడు. దానికేమైనా మందు రాశారా నీ కాగితంలో?"

రాయలేదు. శశికళ ఆలోచించి, తనకు తెలిసిన ఒకే ఒక్క మొండి మగవాడి సంగతి చెప్పింది.

"మా ఆయన చలికాలం మంకీక్యాప్ వద్దంటారు. నేను అసలు అడగను. ఏవో కబుర్లు చెప్తూ తొడిగేస్తాను. గుమ్మం దాటాక గానీ ఆయనకి తెలీదు."

వాళ్ళ నవ్వులకు వ్యాను ఊగింది.

"ఇదీ పాఠమంటే!" అంది డెనీస్.

అప్పటినుంచి ఆ వీధిలో కండోమ్ పేరు మంకీక్యాప్. వ్యాజిలిన్ రాస్తే రబ్బరు చిరుగుతుందనీ, నీళ్ళతో చేసిన జెల్లీయే వాడాలనీ, ఒకదానిమీద ఒకటి తొడగకూడదనీ, మంటో పుండో ఉంటే దాచకుండా రావాలనీ శశికళ కాగితం లేకుండానే చెప్పేది. తాగినవాడి కారెక్కకూడదనీ, ఎక్కేముందు కారు నంబరు పక్కామెకు చూపించాలనీ వాళ్ళు ఒకరికొకరు చెప్పుకునేవారు.

ఒక మధ్యాహ్నం మూలమీద ఒక టయోటా ఆగింది. డెనీస్ కిటికీలోకి వంగి, "కంపెనీ కావాలా?" అంది.

"నో మేడమ్, కంపెనీ ఉంది. ఇన్సూరెన్స్ కంపెనీ" అన్నాడు లోపలి మనిషి. "పార్సిప్పనీ వెళ్ళాలి. టూ ఎయిటీ హైవే ఎక్కడం ఎలా?"

ఆ గొంతు విని శశికళ పరుగున వచ్చింది. "దామోదర్ గారూ, మీరా!"

దామోదర్ వాళ్ళ పక్క అపార్ట్‌మెంట్ మనిషే. ఆమెనూ డెనీస్‌నూ మార్చిమార్చి చూశాక గానీ, తానెక్కడ ఆగాడో ఆయనకు అర్థం కాలేదు. ఆగిన ప్రతి కారుకూ ఇవ్వాలన్న నియమం ప్రకారం శశికళ ఒక ప్యాకెట్ ఆయన చేతిలో పెట్టింది. కంగారులో ఆయన దాన్ని గ్లవ్‌బాక్స్‌లో పడేసి వెళ్ళిపోయాడు.

ఆదివారం శశికళ ఇంట్లో భోజనాలు. దామోదర్ భార్య సుమతి ఆ ప్యాకెట్ తెచ్చి పులిహోర గిన్నె పక్కన పెట్టింది.

"శశీ, ఇది మీ వ్యాన్‌దేనా?"

"దారి తప్పానని చెప్తే వినట్లేదండీ" అన్నాడు దామోదర్. "మీరైనా చెప్పండి, ప్లీజ్!"

శశికళ ఇరుకున పడింది. "వ్యాన్ దగ్గరికి ఎవరొచ్చారో, ఎందుకొచ్చారో బయట చెప్పకూడదండీ. రూల్."

"అంటే వచ్చారన్నమాట!" అంది సుమతి.

రవికుమార్ పెళ్ళాం చెవిలో అన్నాడు: "నీ రూల్ కరెక్టే శశీ. కానీ ఈయన ఇవాళ మన సోఫామీదే పడుకుంటాడు."

అలాగే పడుకున్నాడు. వారమంతా పడుకున్నాడు. ఇక లాభంలేక శనివారం సుమతిని కారెక్కించి నేరుగా ఆ వీధికే తీసుకెళ్ళాడు.

డెనీస్ చూడగానే గుర్తుపట్టింది. "కంపెనీ ఉందన్న పెద్దమనిషి! నన్ను మేడమ్ అన్న మొదటి మగాడు ఈయనేనమ్మా!"

జరిగింది విని సుమతి నవ్వీనవ్వీ వ్యాను మెట్టుమీద కూలబడింది. కాస్త తేరుకున్నాక శశికళను పక్కకు పిలిచింది.

"ఇందాక వాళ్ళకి ఆ మంటల గురించి చెప్తున్నావే... అది మనలాంటి వాళ్ళకీ వస్తుందా?"

"రావడానికి మనమేమైనా వేరేనా? లోపలికి రా" అని శశికళ ఆమెను ఎక్కించుకుని తలుపు వేసింది. కారులో దామోదర్ మ్యాపు చూస్తూ కూర్చున్నాడు.

ఆ చలికాలం వీధిలో ఒకామె ఎయిడ్స్‌తో పోయింది. ఖననానికి శశికళ, డెనీస్, వ్యాను డ్రైవరు తప్ప ఎవరూ రాలేదు. మర్నాడే శశికళ డెనీస్‌ను క్లినిక్‌కు తీసుకెళ్ళి, ఈమెను ఉద్యోగంలో పెట్టుకోండని పట్టుబట్టింది. పై అధికారి కళ్ళజోడు సవరించుకుని డెనీస్‌ను అనుభవం ఏమిటని అడిగాడు.

"ఫీల్డ్ వర్క్" అంది డెనీస్.

శశికళ దగ్గు వచ్చినట్టు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఉద్యోగం వచ్చింది.