పసుపు దగ్గర ఆగిన రైలు

ఆ రోజుల్లో నాకు జీతం కొత్త, మీసం కొత్త, తెలివి మాత్రం పుట్టుకతోనే వచ్చిందని గట్టి నమ్మకం. ఇప్పుడు జీతం పాతబడింది, మీసం నెరుస్తోంది, ఆ నమ్మకం ఎక్కడ జారిపోయిందో గుర్తులేదు. (గుర్తుంది లెండి. అదే చెప్పబోతున్నాను.)

నేనూ, నాతో పనిచేసే బావా (చుట్టరికం ఏమీ లేదు, మా విశాఖలో స్నేహం కాస్త ముదిరితే బావే) సెలవొస్తే బుల్లి రైళ్లు నడిపేవాళ్లం. విడదీసి ఆటోలో వేసుకుపోయే రెండు బల్లలు, వాటి మీద పట్టాలు, అట్టతో కట్టిన స్టేషను, రంపపు పొట్టుతో పోసిన కొండలు. ఎగ్జిబిషన్ ఎక్కడ పెట్టినా హాజరయ్యేవాళ్లం. పెందుర్తిలో బావ వాళ్ల మేడ మీద ఈ సరంజామా చూసినప్పుడల్లా వాళ్ల నాన్న, "మీసాలొచ్చినా బొమ్మల రైలేటర్రా" అనేసి దిగిపోయేవారు. ఆయన గూడ్స్ గార్డుగా రిటైరయ్యారు. సర్వీసంతా కొండల్లోంచి పోర్టుకి ఇనుప రాయి మోసే బళ్లలోనే గడిచింది. ఆయన మాట బావని లోపల్లోపల తినేసేది. అందుకే మూడో బల్ల కలుపుదామని పట్టుపట్టాడు. దాని మీద పోర్టు, క్రేన్లు, ఓ ఓడ. "మా నాన్న బండి పోర్టుకి సేరాల బావ. అది ఆయన సూడాల" అన్నాడు. ఆ మాటన్నప్పుడు వాడి మొహం చూసి నేనింక ఎదురు చెప్పలేదు.

బల్ల చేయడం ఒక ఎత్తు, పాత బల్లకి అతకడం ఒక ఎత్తు. పట్టాలు వెంట్రుకవాసి ఎత్తుపల్లాలైనా బండి పల్టీ కొడుతుంది. ఎలాగో సాధించాం. మద్దిలపాలెంలో ఒక స్కూలు హాల్లో ఎగ్జిబిషన్. పొద్దున్నే బిగించి, నడిపి చూసి, కాలర్లు ఎగరేసుకుంటూ టీకి వెళ్లాం. వచ్చేసరికి మా అమ్మా, బావ వాళ్లమ్మా (నాకు అత్త) బల్ల పక్కన బుద్ధిగా నిలబడి ఉన్నారు. కాసేపటికి బావ వాళ్ల నాన్న, అంటే నాకు మావయ్య, చేతులు వెనక్కి కట్టుకుని, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినట్టు వచ్చారు.

బండి కదిలింది. స్టేషను దాటింది, కొండ దాటింది, పోర్టు బల్ల అతుకు దగ్గర టక్కున ఆగిపోయింది. వెనక్కి తీసి మళ్లీ నడిపాం. అక్కడే ఆగింది. నేను బల్ల కిందకి దూరి ఉన్న వైర్లన్నీ పీకి పెట్టాను. బావకి చెమటలు. జనం నవ్వడం మొదలుపెట్టారు. మావయ్య నవ్వలేదు, అదే మరీ కష్టంగా ఉంది. చివరికి అతుకు మీద రుమాలు ఆనిస్తే రుమాలు పచ్చగా అయింది.

"తుడవకురా బాబూ, పసుపెట్టినాను. కొత్త బల్ల కదా" అంది అమ్మ.

"నానూ ప్రార్థన సేసి కాసింత నూనె రాసినాను నాయనా" అంది అత్త.

పట్టాల్లోంచే చక్రాలకి కరెంటు అందాలని, పసుపూ నూనే ముద్దైతే అందదని వివరించాను. ఇద్దరూ శ్రద్ధగా విన్నారు. "అయితే దాటినాక తుడువు. దాటకముందే తుడిసేత్తే కీడు" అంది అమ్మ. అత్త తలూపింది. దేవుళ్లు వేరైనా ఈ విషయంలో ఇద్దరిదీ ఒకటే మాట.

అప్పుడు మావయ్య ముందుకొచ్చారు. "ఘాట్‌లో బండి ఎక్కకపోతే ఎనకాల ఇంకో ఇంజనెట్టి తోత్తాం. ఇక్కడ నానున్నాను" అని చూపుడువేలు ఆఖరి పెట్టెకి ఆనించి మెల్లిగా నెట్టారు. ఇంజను మరక దాటి, కరెంటు అందుకుని పోర్టులోకి పరిగెత్తింది. బావ కళ్లు తుడుచుకున్నాడు. (నూనె పడిందన్నాడు.) అమ్మ ఇంక పసుపు తుడిచెయ్యమంది కానీ మావయ్య ఒప్పుకోలేదు. సాయంత్రం దాకా ప్రతి ట్రిప్పుకీ ఆయనే తోశారు, భోజనానికి పిలిచినా కదల్లేదు.

తర్వాతి ఎగ్జిబిషన్‌కి అతుకు శుభ్రంగా తుడిచాం. బండి ఎక్కడా ఆగలేదు. మావయ్య కాసేపు చూసి, రెండోసారి రిటైరైనట్టు మొహం వేలాడేసుకుని వెళ్లి కూర్చున్నారు. నాకు ప్రాణం ఉసూరుమంది. ఆ పైసారి అమ్మని నేనే చిటికెడు పసుపడిగాను.

ఇప్పుడు మావయ్యకి మోకాళ్లు సహకరించవు, అతుకు పక్కనే కుర్చీ వేస్తున్నాం. బండి ఆగగానే నేను ఈ వయసులోనూ బల్ల కిందకి దూరి, లోపం వెతుకుతున్నట్టు వైర్లు కదుపుతుంటాను. పైనుంచి ఆయన గొంతు వినిపిస్తుంది. "నీకు తెల్దుగానీ నువ్వు నెగు బాబూ, నాను తోత్తాను."

"నిజమే మావయ్యా, నాకేం తెలుసు" అంటూ నడుం పట్టుకుని లేస్తాను.