మాస్టారు నానబెట్టిన చెక్కలు

పోయిన గురువారం పొద్దున మా అపార్ట్‌మెంట్ గ్రూపులో లిఫ్ట్ బాగుపడిందని మెసేజ్ వచ్చింది. దాని కిందే, మూడో అంతస్తు క్వాయర్ మాస్టారు నిద్రలోనే పోయారని ఇంకో మెసేజ్. ఎవరో మొదటిదానికి పెట్టాల్సిన బొటనవేలి గుర్తు రెండోదానికి పెట్టి, కంగారుగా తీసేశారు. మాస్టారే చూసి ఉంటే ఆ మనిషిని పిలిచి, టీ ఇచ్చి, సాయంత్రం దాకా ఏడిపించేవారు.

పంజగుట్ట దగ్గర ఒక చర్చిలో ఆయన పాటలవాళ్ళని చాలా ఏళ్ళు నడిపించారు. ఎదురుగా ఏ వస్తువున్నా వేలి కణుపుతో తట్టి చూడటం ఆయన అలవాటు. పుచ్చకాయ, కుండ, తలుపు, ఆఖరికి మా మామగారు ముచ్చటపడి కొన్న టేకు మంచం. "మొదలు తట్టాలె, తర్వాత మెచ్చుకోవాలె" అనేవారు. ఆ మంచాన్ని తట్టారు గానీ మెచ్చుకోలేదు. మామగారు ఆయనతో రెండు నెలలు మాట్లాడలేదు.

నాకు ఆయన దగ్గరైంది కారు వల్ల. నేను సెకండ్‌హ్యాండ్ కారు ఒకటి కొని, పంజగుట్టలో ఒక ఫిట్టర్ భాయ్ దగ్గర ముందు తలుపులకి స్పీకర్లు పెట్టించాను. స్పీకర్‌ని తిన్నగా రేకుకే బిగిస్తే రేకు వణుకుతుంది, అద్దం దించినప్పుడు స్పీకర్ వెనకభాగానికి తగులుతుంది. అందుకని మధ్యలో మందపాటి రింగు ఒకటి పెడతారు. భాయ్ ఆ రింగుల్ని ఎండీఎఫ్‌తో, అంటే చెక్కపొట్టుని జిగురుతో అదిమి చేసే పలకతో కోశాడు. నాకు అంతకుమించి ఏమీ తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

వానాకాలంలో ఒక ఆదివారం మాస్టారిని చర్చి దగ్గర దింపడానికి ఎక్కించుకున్నాను. పాట పెట్టానో లేదో చెయ్యెత్తారు.

"బాబూ, జర ఆపు. నీ తలుపుల ఎవడో కూసోని పటపట పండ్లు కొరుకుతున్నడు."

"స్పీకరండీ. కొంచెం గరగరమంటోంది."

"కొంచమా?"

మర్నాడు ఆయనే నన్ను వెంటబెట్టుకుని ఫిట్టర్ దగ్గరికి వెళ్ళారు. తలుపు విప్పితే, లోపలికి కారిన వాననీళ్ళు తాగి రింగు టీలో ముంచిన రస్కులా ఉబ్బి ఉంది.

"అందరు గిదే ఏస్తరు సార్. మస్తు నడుస్తది" అన్నాడు భాయ్.

"వాన పడనప్పుడు మస్తు నడుస్తది" అన్నారు మాస్టారు.

"మరి ఏది ఏయాల్నో మీరే చెప్పుండ్రి."

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

మాస్టారు సనత్‌నగర్ వెళ్ళి, తెలిసిన వర్క్‌షాపులో మెరైన్ ప్లైవుడ్ ముక్క, అంటే పడవలకి వాడే రకం, అడిగి తెచ్చారు. మామూలు ప్లైవుడ్ ముక్క ఒకటి, భాయ్ దగ్గరి ఎండీఎఫ్ ఒకటి. నాలుగోది మాస్టారి భార్య, మా అందరికీ ఆంటీ, కూరగాయలు తరిగే తెల్లటి ప్లాస్టిక్ పలక. డాబా మీద నాలుగు బకెట్లలో నాలుగూ నానబెట్టి, ఒక్కోదానికీ చీటీ అంటించారు. ఎండీఎఫ్‌కి సొప్రానో అని, అంటే క్వాయర్‌లో అందరికన్నా పై గొంతుతో పాడే ఆడవాళ్ళ పేరు, రాశారు. ఎందుకని అడిగితే, "జల్ది ఉబ్బుతది" అన్నారు.

రెండు వారాల పాటు అపార్ట్‌మెంట్ అల్లాడిపోయింది. దోమలొస్తాయని సెక్రటరీ గ్రూపులో పెద్ద ఉత్తరం రాశాడు. ఎదురు హాస్టల్ డాబా మీంచి కోచింగ్ పిల్లలు, "అంకుల్, అది ఏ కోర్సు ప్రాజెక్టు?" అని అరిచేవాళ్ళు. ఆంటీ స్టీలు పళ్ళెంలో వంకాయలు కోస్తూ వారం ఓపిక పట్టి, ఆ తర్వాత మెట్లెక్కి పైకొచ్చింది.

"నా పలక యాడ పెట్టిండ్రు?"

"స్నానం చేస్తున్నది" అన్నారు మాస్టారు.

ఫలితాలు ఆయన నిలబడి చదివారు. ఎండీఎఫ్ ముద్దయింది. మామూలు ప్లైవుడ్ పొరలు మడతకాజాలా విడిపోయాయి. మెరైన్ ప్లైవుడ్ చెక్కుచెదరలేదు. ప్లాస్టిక్ పలకకి అసలు తడిసిన సంగతే తెలియదు. స్క్రూలు పదిసార్లు బిగించి తీసినా ఈ రెండూ పట్టు వదల్లేదు. తట్టి చూస్తే రెండూ గంటలా మోగకుండా నిబ్బరంగా పలికాయి. ఎటూ తేలక, ఎడమ తలుపుకి ప్లాస్టిక్ రింగూ కుడి తలుపుకి ప్లైవుడ్ రింగూ వేయించి, వెనక సీటు మధ్యలో కూర్చుని తీర్పు చెప్తానన్నారు. పాట కూడా ఆయనే తెచ్చారు, తన బృందం పాడిందే.

కాసేపు విన్నారు. "ఎడమ మంచిగున్నది. కుడి దిక్కు చెక్క గొంతు మింగుతున్నది."

భాయ్ రింగులు అటువి ఇటు మార్చాడు. అయినా కుడివైపే తక్కువన్నారు. స్పీకర్లు మార్చాడు, తీగలు చూశాడు. అప్పటికీ కుడివైపే.

భాయ్ ఆయన్ని కాసేపు పరీక్షగా చూశాడు. "మాస్టర్ సాబ్, జర ఎనకకు తిరిగి కూసోండ్రి" అన్నాడు మెల్లగా.

మాస్టారు సీటు మీద మోకాళ్ళు పెట్టి, చిన్నపిల్లాడిలా వెనకద్దం వైపు తిరిగారు. పాట మళ్ళీ మొదలైంది. ఈసారి ఆయనకి గొంతు తగ్గింది ఎడమ తలుపులో, ఇప్పుడు కుడి చెవి ఉన్న వైపు.

ఆయన అలాగే మోకాళ్ళ మీద ఉండిపోయారు. ఎవరూ చెప్పకుండానే భాయ్ పాట ఆపేశాడు. అప్పుడు మాస్టారే అన్నారు:

"రింగులు రెండు మంచిగున్నయి బాబూ. ఉబ్బింది నా చెవి."

"నేనెవ్వలకు చెప్ప సాబ్" అన్నాడు భాయ్.

"నువ్వు చెప్పకు. నేను చెప్పాలె."

అమీర్‌పేటలో మా అపార్ట్‌మెంట్‌కి తిరిగొచ్చాం. మెట్లెక్కుతూ, "తప్పంత చెక్క మీదేసిన. పాపం" అన్నారు.

ఆ తర్వాతి ఆదివారం ప్రార్థనకి ముందు పాటలవాళ్ళందరినీ కూర్చోబెట్టి నిజం చెప్పారు. ఆయనకి కుడివైపు నిలబడేది టెనర్లు, అంటే మగవాళ్ళలో పై గొంతువాళ్ళు. ఏడాదిగా, గట్టిగా పాడండి, తిండి తినలేదా అని వాళ్ళని తిడుతూనే ఉన్నారట. "మీరు మంచిగనే పాడిండ్రు. నాకే ఇనవడలే. మాఫ్ చేయుండ్రి" అన్నారు. "ఏడాది సంది మిరియాల పాల మీదనే బతుకుతున్నం మాస్టర్" అన్నాడొకడు. చర్చి అంతా నవ్వింది. ఆ రోజే తప్పుకుంటానన్నారు గానీ ఆ టెనర్లే ఒప్పుకోలేదు. ఆ తర్వాత మూడేళ్ళూ ఎడమ చెవి పాటలవాళ్ళ వైపు ఉండేలా పక్కకి తిరిగి నిలబడే నడిపించారు. పాస్టరు గారికి వీపు పెట్టి ఉండటం చూసి, కొత్తగా వచ్చినవాళ్ళు ఇద్దరికీ మాటల్లేవనుకునేవారు.

తాము పెట్టిన పరీక్షలో తామే తప్పితే ఫలితం దాచేసేవాళ్ళతోనే నేను ఆఫీసులో రోజూ పనిచేస్తాను. కొన్నిసార్లు నేనూ ఆ జట్టే. ఆయన దాచలేదు. అది దగ్గరుండి చూసినందుకు ఆయనకి ఋణపడి ఉన్నాను.

శనివారం చర్చిలో ఆయనకి వీడ్కోలు ప్రార్థన జరిగింది. ఫిట్టర్ భాయ్ షాపు మూసి వచ్చాడు. చర్చి లోపలికి రావడం అతనికి అదే మొదటిసారి. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తోనే పట్టుకుని ఆఖరి వరసలో నిలబడ్డాడు. పాట ఎత్తుకోమని చెయ్యి ఊపేవాళ్ళు లేక సగంమంది ముందు, సగంమంది వెనక మొదలుపెట్టారు. ఆపి, ఒకరి మొహాలొకరు చూసుకుని, మళ్ళీ ఎత్తుకున్నారు. పాట అయ్యాక అందరం కూర్చున్నాం. బల్లల చప్పుడు సద్దుమణిగింది. భాయ్ ఒక్కడే, చెప్పులు గుండెకి ఆనించి పట్టుకుని, ఇంకా నిలబడే ఉన్నాడు.