ఆదెప్ప అమ్మిన రాస్‌బెరి

చింతామణి బస్టాండులో సోడాలమ్మే ఆదెప్ప రాస్‌బెరి పండును ఎన్నడూ చూడలేదు. ఆ ఊళ్ళో చూసినవాళ్ళూ లేరు. అయినా 1958 నాటికి ఆ మాట లేకుండా ఊరికి పూట గడిచేది కాదు. సోడాలో కలిపే ఎర్రటి పానకం రాస్‌బెరి. ఆ రంగు చీర రాస్‌బెరి. సిగ్గుపడిన పెళ్ళికూతురి ముఖమూ రాస్‌బెరే.

బెంగళూరు నుంచి వచ్చే ఎసెన్సు సీసా మీద ఒక పండు బొమ్మ ఉండేది. పట్టుపురుగులు పెంచే రైతులకు అది తమ రేష్మె తోటలో మల్బరీ ఆకుల నడుమ కాసే పండులాగే కనిపించేది. ఆ పండు తింటే ఒంట్లో రక్తం పడుతుందని వాళ్ళ నమ్మకం. ఇరవై ఏళ్ళ కిందట తొండేభావి నుంచి వట్టి చేతులతో వచ్చి అంగడి పెట్టిన ఆదెప్పకు బేరానికి వచ్చినవాడు ఏ మాటకు నవ్వుతాడో బాగా తెలుసు. "దొరల రేష్మె పండప్పా ఇది. తాగితే రక్తమే" అంటూ గ్లాసు అందించేవాడు. తాగేవాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వే మాట అబద్ధమెలా అవుతుందని అతని ధీమా.

బట్లహళ్ళి లక్ష్మీనరసమ్మ నవ్వలేదు. శ్రద్ధగా విని, సంత సంతకూ ఒక సీసా పానకం పట్టుకుపోయేది. ఎవరికని ఆదెప్ప అడగలేదు. నాలుగో సంతకు ఆమే చెప్పింది.

"మా కూతురు హనుమక్క కాన్పయి మూడు నెలలప్పా. ముఖంలో నెత్తురే లేదు. పొద్దున, సాయంత్రం ఇదే తాపుతాండా. ఇంకా లేసి తిరగలేకుండా ఉండాది. ఇంకెన్ని సీసాలు పడతాయంటావు?"

అది చక్కెర, శాకరిన్, రంగు అని చెప్పాల్సింది అప్పుడే. అంగడి ముందు నలుగురు నిలబడి వింటున్నారు. ఆదెప్ప నోట వేరే మాట వచ్చింది.

"ఆస్పత్రిలో చూపించినావామ్మా?"

"నీ మందు ఉండంగా ఆస్పత్రి ఎందుకప్పా?"

"రేపు పిల్చుకొని రా. నేనూ వస్తా."

మర్నాడు ఆమె బస్సు దిగుతూనే పక్కవాళ్ళకు ఆదెప్పను చూపించి, పుణ్యాత్ముడని చెప్పింది. మన దేశంలో ఆ బిరుదుకు పెద్ద అర్హతలేమీ అక్కర్లేదు. ఆదెప్ప తల ఎత్తకుండా ముందు నడిచాడు.

డాక్టరు హనుమక్క కంటి రెప్ప కిందికి లాగి చూశాడు. లోపల తెల్లగా ఉంది.

"ఇన్నాళ్ళూ ఏమి ఇస్తా ఉన్నారు?"

"రాస్‌బెరి స్వామీ. పండు రసం. ఈయప్పే ఇచ్చినాడు."

డాక్టరు ఆదెప్ప వైపు తిరిగాడు. "అందులో పండు ఎంత ఉంటుంది?"

"లేదు స్వామీ."

"కొంచెమైనా?"

"రంగు, చక్కెర. అంతే స్వామీ."

డాక్టరు తిట్టలేదు. సూదిమందు, ఇనుము మాత్రలు రాశాడు. ఇంకో నెల ఆగి ఉంటే మనిషి దక్కేది కాదని, చీటీ మీద నుంచి కళ్ళెత్తకుండానే అన్నాడు. లక్ష్మీనరసమ్మ దగ్గరుండి కూతురికి సూది వేయించింది. ఆమె తనను నలుగురిలో నిలబెట్టి కడిగేస్తే బాగుండునని ఆదెప్ప ఎదురుచూశాడు. బయటికి వచ్చాక ఆమె మెల్లగా అడిగింది.

"నీకు బిడ్డలుండారా అప్పా?"

"ముగ్గురమ్మా."

"వాళ్ళకు ఎపుడన్నా తాపినావా దీన్ని?"

ముగ్గురూ రోజూ అంగడికి వచ్చి అడిగేవాళ్ళే. రంగునీళ్ళు, కడుపు చెడతాదని రోజూ తరిమేవాడు.

"లేదమ్మా."

ఆమె కూతురి రెక్క పట్టుకుని బస్టాండు వైపు నడిచింది. ఆదెప్ప అంగడీ అటే. వాళ్ళు మలుపు తిరిగేదాకా అతను ఆస్పత్రి గేటు దగ్గరే నిలబడ్డాడు.