మెట్ల మలుపులో ఎర్ర చుక్క

గాజువాకలో మా ఇంటికి పై అంతస్తు వేసినప్పుడు మెట్లు రెండు గోడల మధ్య ఇరుకున పడ్డాయి. సగం ఎక్కాక ఒక మలుపు, అక్కడ చాప పరిచేంత చోటు. కిటికీ లేదు. పట్టపగలు కూడా గోడ తడుముకుంటూ ఎక్కాల్సిందే. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది. అప్పుడు మా అమ్మాయికి ఆరేళ్ళు.

మావయ్యగారు పోర్టులో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైన మనిషి. ఆ తర్వాతా చుట్టుపక్కల ఇళ్ళల్లో వైరింగు పనులు చేసేవారు. మెట్లకు వైరింగు తానే చేస్తానన్నారు. పూర్ణా మార్కెట్‌కు వెళ్ళి వైరూ, రెండు టూవే స్విచ్చులూ తెచ్చారు. కింద హాల్లో ఒకటి, పైన వరండాలో ఒకటి. కింద వేసి ఎక్కితే పైన ఆర్పుకోవచ్చు, పైన వేసి దిగితే కింద ఆర్పుకోవచ్చు. మూడు రోజులు ఆ చీకట్లోనే నిచ్చెన వేసుకుని పనిచేశారు. బల్బు వెలిగిన రోజు మా అమ్మాయి పైకీ కిందికీ పరుగులు తీస్తూ వేస్తూ ఆర్పుతూనే ఉంది. ఆయన మెట్టు మీద కూర్చుని మురిసిపోయారు.

నాలుగు నెలలు ఏ ఇబ్బందీ లేదు. ఒక రోజు మా ఆయన స్టీల్‌ప్లాంటులో పొద్దుటి షిఫ్టుకు వెళ్ళారు, అమ్మాయి బడికి వెళ్ళింది. మలుపులో వెలుతురు చాలడం లేదని పెద్ద బల్బు పెడదామనుకున్నాను. కింద స్విచ్చి ఆపాను. దీపం ఆరడం నా కళ్ళతో చూశాను. స్టూలెక్కి బల్బు తీశాను. హోల్డరు నిండా బూజు ఉంటే వేలు పెట్టి తుడవబోయాను.

ఎవరో నా చెయ్యి పట్టి గోడకేసి కొట్టినట్టయింది. స్పృహ తప్పలేదు కానీ, ఎక్కడున్నానో తెలియడానికి కొంతసేపు పట్టింది. మలుపు నుంచి మూడు మెట్లు కిందికి జారి పడి ఉన్నాను. నాలుక కొరుక్కున్నాను. నోట్లో రక్తం.

మావయ్యగారు పరుగున వచ్చారు. "స్విచ్చి ఆపకుండా ముట్టుకున్నావేటమ్మా?" అన్నారు. ఆపానన్నాను. పైన ఎవరైనా నొక్కి ఉంటారన్నారు. పైన ఎవరూ లేరు. ఆ మాట మాత్రం నోరు దాటలేదు. ముప్పై ఏళ్ళు అదే పని చేసిన మనిషికి నేనేం చెప్పగలను?

ఆ తర్వాత నాలుగు రోజులు హోల్డరుకు దూరంగా, గోడకు అంటుకుని ఆ మెట్లు ఎక్కేదాన్ని. అమ్మాయిని ఒంటరిగా ఎక్కనిచ్చేదాన్ని కాదు. మావయ్యగారు బూజుకర్ర పట్టుకుంటే ఏదో వంక పెట్టి తీసేసుకునేదాన్ని. నాలుగో రోజు మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే, ఆయన సంచిలోంచి, కరెంటుంటే వెలిగే టెస్టరు తీసుకెళ్ళి ఖాళీ హోల్డరులో పెట్టాను. ఎర్ర చుక్క వెలిగింది. దిగి కింద స్విచ్చి నొక్కి వచ్చాను, వెలిగింది. పైది నొక్కి వచ్చాను, వెలిగింది. ఎటు నొక్కినా ఆ చుక్క ఆరలేదు.

ఇక ఆగలేక ఆయన్ను లేపాను. కళ్ళజోడు పెట్టుకుని వచ్చారు. స్టూలెక్కి, టెస్టరు తానే పెట్టి, నా వైపు తిరిగారు.

"సూడు. ఎలగట్నేదు."

ఆయన వేలి కింద ఆ చుక్క ఎర్రగా వెలుగుతోంది. కరెంటు కొట్టినప్పుడు కూడా నాకంత భయం వెయ్యలేదు.

"వెలుగుతోంది మావయ్యగారూ."

కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకున్నారు. మళ్ళీ చూశారు. దిగి, టెస్టరు నా చేతిలో పెట్టారు. మెయిన్ ఆపించి, స్విచ్చి పెట్టె మూత విప్పి, స్విచ్చికి వెళ్ళే వైరు ఏ రంగో చెప్పమన్నారు. నలుపన్నాను. కరెంటు తెచ్చే ఎరుపు వెళ్ళాల్సిన చోటది. రెండూ తారుమారయ్యాయి. స్విచ్చి ఆపితే దీపం ఆరేది కానీ, కరెంటు హోల్డరు దాకా వచ్చి అక్కడే ఉండిపోయేది.

నేను రంగులు చెబుతుంటే ఆయన మార్చి బిగించారు. అయ్యాక మెట్టు మీద కూలబడ్డారు.

"ఇంకో ఇల్లుందమ్మా," అన్నారు.

రెండు వీధుల అవతల, బట్టలు కుట్టే ఆవిడ ఇల్లు. కిందటి నెలలోనే మెట్లకు ఇలాగే టూవే పెట్టి వచ్చారట. అప్పటికప్పుడు బయల్దేరాం. ఇంటికి తాళం. తల్లితో కలిసి అనకాపల్లి వెళ్ళిందనీ, సాయంత్రానికి వస్తారనీ పక్కింటివాళ్ళు చెప్పారు. ఎండలో ఆ గుమ్మం ముందే ఉండిపోయాం. ఆయన కూర్చోలేదు. ఆ హోల్డరు చేతికందేంత కిందికి వేలాడుతుందని ఒకసారి, అందదని ఇంకోసారి అన్నారు. వీధి మొదట్లో ఆటో చప్పుడైనప్పుడల్లా లేచి చూశాను.

పొద్దు వాలుతుండగా వాళ్ళిద్దరూ సంచులతో వచ్చారు. తాళం తీయగానే ముసలావిడ లోపలికి అడుగు పెట్టబోతే మావయ్యగారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"నోపలికెల్లకండమ్మా. ముందు మెయినాపాల."

మెయిన్ ఆపి లోపలికి వెళ్ళి చూస్తే మెట్ల మీద అడ్డంగా తాడు. దాని మీద ఆరేసిన చీరలు. ఒక చీర అంచు హోల్డరుకు జానెడు దూరంలో ఉంది. వానాకాలం నుంచీ తడిబట్టలు అక్కడే ఆరేసుకుంటున్నామని ముసలావిడ చెప్పింది. ఎందుకు అడుగుతున్నామో ఆవిడకు అర్థం కాలేదు. అక్కడ కూడా నలుపూ ఎరుపూ తారుమారే.

సరిచేసి వస్తుంటే దారిలో ఆయన నోరు విప్పారు. "రెండేళ్ళయిందమ్మా సరిగ్గా అగుపడక. సెప్తే పని మాన్పించేత్తారని బయ్యపడ్డాను."

నేనూ నాలుగు రోజులు భయపడి నోరు మూసుకున్నానని చెప్పాను. ఆయన తల ఊపారు.

ఆ వారమంతా, రిటైరయ్యాక తాను చెయ్యి పెట్టిన ప్రతి ఇంటికీ నన్ను వెంటబెట్టుకుని తిరిగారు. పదకొండు ఇళ్ళు. ప్రతి గుమ్మం ముందూ నేను ఒకడుగు వెనకే ఆగేదాన్ని. ఆయన మాత్రం, నా కళ్ళు పోయాయి, మీ వైరింగు ఒకసారి చూసుకుంటానని ప్రతిచోటా నిబ్బరంగా చెప్పారు. తొమ్మిదో ఇంట్లో ఇంకొక తారుమారు దొరికింది. ఆ ఇంట్లో పాకే పిల్లాడున్నాడు.

తర్వాతి నెల ఆయనకు రెండు కళ్ళకూ శుక్లాలు తీశారు. చూపు బాగానే వచ్చింది. వైరింగు పని మాత్రం మళ్ళీ ముట్టుకోలేదు.